దరఖాస్తు అందుకునే చోట: అపాచీ, ఇంజిన్‌ఎక్స్

హయత్‌నగర్ పేరును రోమన్ లిపిలో రాస్తే 11 అక్షరాలు, 11 బైట్లు. అదే పేరును తెలుగులో టైపు చేసి ఫారంలో పంపితే సర్వర్ గుమ్మానికి 81 బైట్లుగా చేరుతుంది. తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ యూటీఎఫ్-8 పద్ధతిలో తలా మూడు బైట్లు పడతాయి. ఫారం పంపేటప్పుడు బ్రౌజర్ అలాంటి ఒక్కో బైటునూ ఒక శాతం గుర్తు, రెండు హెక్సా అంకెలుగా మారుస్తుంది. అలా మూడు కాస్తా తొమ్మిదవుతాయి. ఈ పేరులో ‘త్’ తర్వాత కంటికి కనబడని గుర్తొకటి ఉంది. అది లేకపోతే ‘త్’కు ‘న’ వత్తుగా అతుక్కుంటుంది. దానికీ మూడు బైట్లే. దిల్‌సుఖ్‌నగర్‌లో అలాంటి గుర్తులు రెండు, ఎల్‌బీనగర్‌లో ఒకటి. వెబ్ సర్వర్ మాడ్యూల్ రాసిన మనిషి పనితనం తేల్చడానికి తూర్పు హైదరాబాదు చిరునామా ఒక్కటి చాలు.

ఫారం నింపి ‘సబ్మిట్’ నొక్కాక ఆ డేటా మొదట చేరేది డేటాబేసుకు కాదు, జావా ప్రోగ్రాముకూ కాదు. దాన్ని ముందుగా అందుకునేది సర్వర్, ఆ సర్వర్ లోపల సీ భాషలో రాసిన మాడ్యూల్. ఎంత వరకు అందుకోవాలి, ఎక్కడ దాచాలి, ఎప్పుడు వద్దనాలి అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. ఈ పనిని రెండు పెద్ద సర్వర్లు రెండు భిన్న స్వభావాలతో చేస్తాయి. ఒకటి 1995 నుంచి ఉన్న అపాచీ. రెండోది ఇగోర్ సిసోయెవ్ 2004 అక్టోబరులో జనానికి విడుదల చేసిన ఇంజిన్‌ఎక్స్. ఏది వేగం అన్న పోలిక ఇప్పటికే చాలామంది చేశారు. నా పోలిక దరఖాస్తుదారు వైపు నుంచి. ఆయన పంపింది పంపినట్టు లోపలికి చేరుతుందా? చేరకపోతే ఆ సంగతి ఆయనకు తెలుస్తుందా?

దరఖాస్తుదారు అంటే ఊహించుకుని చెబుతున్న మనిషి కాదు. 2020 ఆగస్టు 31న తెలంగాణ ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణకు జీవో 131 తెచ్చింది. ప్లాటుకు వెయ్యి రూపాయలు కట్టి, దస్తావేజు స్కాన్ చేసి, ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. అక్టోబరు ముగిసేసరికి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. విజయవాడ హైవే పొడవునా హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట వైపు ప్లాటు కొనుక్కున్న మధ్యతరగతి మనిషికి ఆ ఫారం జీవితకాలపు పొదుపుతో సమానం. 2011 నవంబరు నుంచి ఉన్న మీసేవ కేంద్రాల్లోనూ ఇదే పని నడుస్తుంది: ఒకరు చెబుతుంటే ఒకరు కొడతారు, కాగితాలు స్కాన్ చేసి ఎక్కిస్తారు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన దరఖాస్తులను కాగితం మీద తీసుకున్నప్పుడు కోటి పాతిక లక్షలకు పైగా వచ్చాయి. చేత్తో రాసిన ఆ వివరాలనూ తర్వాత కంప్యూటర్లలోకి ఎక్కించాల్సి వచ్చింది. ఆ వ్యవస్థల వెనక ఏ సర్వర్ ఉందన్నది ఇక్కడ చర్చ కాదు. అంత జనం ఆశ పెట్టుకున్న డేటా ఏ సర్వర్‌కు వచ్చినా అది ఎలా అందుకుంటుందన్నదే చర్చ.

మొదట అపాచీ సంగతి. అపాచీ మాడ్యూల్ ఫారం డేటాను తానే చదువుకోవాలి. 1.3 కాలంలో దానికి మూడు మెట్లుండేవి: చదవబోతున్నానని ముందు చెప్పడం, చదవడానికి ఏమైనా ఉందా అని అడగడం, ఆపై లూపులో ముక్కముక్కగా తెచ్చుకోవడం. 2.0 వచ్చాక ఆ ముక్కలకు ‘బకెట్’ అని, వాటి వరుసకు ‘బ్రిగేడ్’ అని పేర్లు వచ్చాయి. మధ్యలో ఫిల్టర్లు కూర్చోవచ్చు, ఒకటి మార్చిన డేటా ఇంకోదానికి పోవచ్చు. సొగసైన ఏర్పాటే. కానీ అది తెచ్చి ఇచ్చేది ముడి బైట్లను. ‘పేరు ఇది, ఊరు ఇది’ అని విడదీసి ఇచ్చే సాధనం సర్వర్ మూలంలో లేదు. దానికోసం డగ్ మెకైకర్న్, లింకన్ స్టైన్ మొదలుపెట్టిన లిబ్‌ఎపిరెక్ అనే విడి లైబ్రరీ తెచ్చుకోవాలి, లేదా సొంతంగా రాసుకోవాలి. 2007లో నిక్ క్యూ అపాచీ మాడ్యూళ్ల మీద పుస్తకం రాసే నాటికీ ఇదే పరిస్థితి. 2012లో 2.4 వచ్చాకే ఏపీ-పార్స్-ఫార్మ్-డేటా అనే ఫంక్షన్ సర్వర్‌లోకి చేరింది. వెబ్‌లో అత్యంత మామూలు పనికి సొంత సాధనం రావడానికి 17 ఏళ్లు పట్టింది. అందాకా ఎవరి లూపు వారిది, ఎవరి పొరపాట్లు వారివి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

ఆలస్యంగా వచ్చినా ఆ ఫంక్షన్ లోపలి పని మాత్రం మెచ్చుకోదగ్గది. ఎందుకో తెలుగు డేటాతో చూస్తేనే అర్థమవుతుంది. ఫారం డేటా నెట్‌వర్కు మీద ముక్కలుగా వస్తుంది. ముక్క ఎక్కడ తెగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. శాతం గుర్తు ఒక ముక్క చివర, దాని తర్వాతి రెండు అంకెలు ఇంకో ముక్క మొదట పడవచ్చు. ఏ ముక్కకా ముక్కను విప్పుకుంటూ పోయే మాడ్యూల్ అక్కడే తప్పులో కాలేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకు శాతం గుర్తే అవసరం లేదు, అవి ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. అందుకే ఇంగ్లీషు పేర్లతో ఎంత పరీక్షించినా ఈ తప్పు దొరకడం అరుదు. తెలుగు డేటాలో ప్రతి మూడో బైటూ శాతం గుర్తే కాబట్టి తెగిన చోటు నూటికి దాదాపు తొంభై పాళ్లు ఏదో ఒక అక్షరం మధ్యలోనే ఉంటుంది. అపాచీ ఫంక్షన్ ‘శాతం గుర్తు చూశాను, మొదటి అంకె రావాలి’, ‘మొదటి అంకె వచ్చింది, రెండోది రావాలి’ అన్న స్థితులను గుర్తుపెట్టుకుని ముక్క మారినా అక్కడి నుంచే కొనసాగుతుంది. విలువను కూడా బకెట్ల వరుసగానే ఇస్తుంది. వాటిని కలిపి చదవాలి గానీ విడివిడిగా చదివితే అక్షరం చిట్లుతుంది. ఆ జాగ్రత్త మాత్రం మాడ్యూల్ రాసేవారిదే.

ఇంజిన్‌ఎక్స్ తీరు వేరు. అక్కడ మాడ్యూల్ కూర్చుని చదవడానికి వీల్లేదు. ఒకే ప్రాసెస్ వేల కనెక్షన్లను మోస్తుంది, ఒకరి కోసం ఆగితే అందరూ ఆగిపోతారు. అందుకని మాడ్యూల్ ‘ఈయన డేటా అంతా వచ్చాక ఫలానా ఫంక్షన్‌ను పిలువు’ అని చెప్పి తప్పుకోవాలి. మీసేవ కౌంటరుతో పోల్చి చెబితే, అపాచీ ఒక్కో కాగితాన్నీ చేతికి అందిన వెంటనే చూసే గుమస్తా. ఇంజిన్‌ఎక్స్ కట్ట మొత్తం ట్రేలో పడ్డాక లోపలి అధికారిని పిలిచే గుమస్తా. పిలుపు వచ్చేసరికి డేటా అంతా సిద్ధంగా ఉంటుంది. చిన్నదైతే మెమరీలో, పెద్దదైతే డిస్కు మీద తాత్కాలిక ఫైల్లో. ముక్కల మధ్య తెగిపోయే బెడద చాలావరకు తగ్గుతుంది. ఇది నిజమైన మేలు.

కానీ ఇంజిన్‌ఎక్స్ ఆ కట్టను విప్పి చూడదు. ఫారం డేటాను పేరూ విలువా జతలుగా విడదీసే పని దాని మూలంలో ఈనాటికీ లేదు. బయటివాళ్లు రాసిన ఫార్మ్-ఇన్‌పుట్ మాడ్యూల్‌నో, ఓపెన్‌రెస్టీ లువా మాడ్యూల్‌నో తెచ్చుకోవాలి. సొంతంగా సీలో రాస్తే ఇంకో గుంట ఉంది. శాతం గుర్తులను విప్పడానికి ఇంజిన్‌ఎక్స్ ఇచ్చే ఫంక్షన్ చిరునామాల కోసం పుట్టింది, ఫారాల కోసం కాదు. ఫారంలో రెండు మాటల మధ్య ఖాళీ ప్లస్ గుర్తుగా వస్తుంది. దాన్ని ఆ ఫంక్షన్ ముట్టుకోదు. అది తెలియక వాడితే ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ప్లస్ గుర్తుతోనే రికార్డులోకి ఎక్కుతుంది. అపాచీ 2.4లో ఫారం డేటా కోసమే ప్రత్యేకంగా విప్పే ఫంక్షన్ ఉంది, ప్లస్సును ఖాళీగా మారుస్తుంది. ఈ ఒక్క విషయంలో అపాచీ స్పష్టంగా ముందుంది.

ఇక కొలత దగ్గరికి వద్దాం. ఇంజిన్‌ఎక్స్ ఫారం డేటాకు మామూలుగా ఇచ్చే మెమరీ రెండు పేజీలు, మనం వాడే సర్వర్లలో అది 8 కేబీ. అంటే 8192 బైట్లు. ఇంగ్లీషులో అది మూడు నాలుగు పేజీల అర్జీ. తెలుగులో ఒక్కో గుర్తుకు తొమ్మిది చొప్పున లెక్కేస్తే 910 గుర్తులు. పొల్లులు, గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ఇది అర పేజీ కూడా కాదు. భూమి తగాదా గురించి ఒక పెద్దాయన చెప్పుకున్న అర్జీ దీన్ని సులువుగా దాటుతుంది. దాటగానే ఇంజిన్‌ఎక్స్ దాన్ని డిస్కు ఫైల్లోకి తోస్తుంది. డేటా పోదు, అంతవరకు మంచిదే. అయితే మెమరీలో మాత్రమే వెతికే మాడ్యూల్‌కు ఖాళీయో సగమో దొరుకుతుంది. రిక్వెస్ట్-బాడీ అనే వేరియబుల్ ఖాళీగా కనబడుతుంది. లువా మాడ్యూల్ పోస్ట్ వివరాలు అడిగితే డేటా ఫైల్లో ఉందని చేతులెత్తేస్తుంది. దానికి ఫీల్డుల సంఖ్య మీద కూడా 100 అన్న మామూలు హద్దుంది. ఇంగ్లీషు అర్జీ సాఫీగా పోయిన దారిలోనే తెలుగు అర్జీ ఆగిపోతుంది. కారణం భాష కాదు, 8 కేబీ అన్న గీత.

ఆ 8192 అంకె అపాచీలోనూ ఎదురవుతుంది. ఫారం ద్వారా లాగిన్ చూసే మాడ్-ఆథ్-ఫార్మ్ మాడ్యూల్ పెట్టుకున్న మామూలు హద్దు అదే. దాటితే డిస్కు మీదికి తోయదు, ‘మరీ పెద్దది’ అని 413 జవాబు ఇచ్చి తిప్పి పంపుతుంది. ఒకే అంకె, రెండు ప్రవర్తనలు. నన్నడిగితే లాగిన్ ఫారానికి అపాచీ చేసిందే సరైనది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పంపే చోట అంతకు మించిన డేటాకు పనేమీ లేదు. అర్జీకి మాత్రం ఇంజిన్‌ఎక్స్ చేసింది నయం, మాడ్యూల్ రాసినవారు ఫైల్ సంగతి మరిచిపోనంత వరకు.

స్కాన్ చేసిన దస్తావేజులు వచ్చేసరికి కథ మారుతుంది. ఫైళ్లు పంపే ఫారం పద్ధతి 1995 నవంబరులో ఆర్ఎఫ్‌సీ 1867తో వచ్చింది. ఫారంలోని ఒక్కో భాగాన్నీ ఒక సరిహద్దు గీతతో వేరుచేసి పంపుతారు. పైన మెచ్చుకున్న అపాచీ ఫంక్షన్ దీన్ని ముట్టుకోదు, మామూలు ఫారాలకే పరిమితం. ఇంజిన్‌ఎక్స్ మూలంలోనూ ఏమీ లేదు. కాబట్టి మాడ్యూల్ రాసేవారు ఇక్కడ ఒంటరివారు. ఆ ఒంటరితనం ఖరీదు అపాచీ సొంత మాడ్యూల్‌లోనే బయటపడింది. మాడ్-లువాలో ఇలాంటి ఫారాన్ని విడదీసే ఫంక్షన్‌లో, జాగ్రత్తగా అల్లిన ఫారం పంపితే మెమరీ హద్దు దాటి రాసేసే లోపం 2.4.51 వరకు ఉండిపోయింది. 2021 డిసెంబరులో 2.4.52తో సరిచేశారు. ఆ వెంటనే అదే ఫంక్షన్‌లో ఇంకో లోపాన్ని 2.4.53లో సర్దారు. అదే ఫంక్షన్ ఎంత పెద్ద డేటానైనా మింగేస్తుందన్న లోపాన్ని 2.4.54లో సర్దారు. అప్పుడే, 2022లో, ఫారం డేటాకు హద్దులేని అపాచీ మామూలుగా ఒక జీబీ హద్దు పెట్టుకుంది. లిబ్‌ఎపిరెక్ రెండో తరంలోనూ ఇలాంటి ఫారాల దగ్గరే మెమరీ పొంగే లోపం దొరికి, 2022లోనే 2.17తో పోయింది. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు, ఎందరో చదివిన కోడు. అయినా తప్పు పదే పదే ఇలాంటి ఫారాన్ని విడదీసే చోటే దొర్లింది. ఈ పని సొంతంగా సీలో రాయబోయేవారికి నా మాట ఒక్కటే: రాయకండి. లిబ్‌ఎపిరెక్ కొత్త వెర్షను వాడండి. అది 256 కేబీ దాటితే డిస్కుకు మారుస్తుంది, 64 ఎంబీ దగ్గర ఆపుతుంది. ఇంజిన్‌ఎక్స్ వైపైతే లువా-రెస్టీ-అప్‌లోడ్ ఉంది, ఫైలును ముక్కముక్కగా చేతికిస్తుంది.

హద్దు ఎంత అన్నది సగమే, ఎప్పుడు అడుగుతారన్నది మిగతా సగం. ఇంజిన్‌ఎక్స్ మామూలు హద్దు ఒక ఎంబీ. ఏ మాడ్యూల్ చేయీ పడకముందే, బ్రౌజర్ చెప్పిన సైజు చూసి అక్కడికక్కడే వద్దంటుంది. అపాచీలో హద్దు చూసేది చదవడం మొదలయ్యాకే. మాడ్యూల్ చేయి పెట్టినప్పుడే ఫిల్టరు లెక్క చూస్తుంది. ఇక్కడ నా మొగ్గు పూర్తిగా ఇంజిన్‌ఎక్స్ వైపే. ఎవరూ మరిచిపోవడానికి వీల్లేని చోట ఆ తనిఖీ ఉంది. 2022 దాకా అపాచీలో ఆ బాధ్యత ఒక్కో మాడ్యూల్ మీదా, ఒక్కో అడ్మిన్ మీదా పడి ఉండేది.

కాలం లెక్కలోనూ ఇద్దరి మనసూ వేరు. అపాచీ డేటా కోసం మొదట 20 సెకన్లిచ్చి, వచ్చిన ప్రతి 500 బైట్లకూ ఒక సెకను కలుపుతుంది. ఇంజిన్‌ఎక్స్ మొత్తం సమయం చూడదు, ఒక ముక్కకూ తర్వాతి ముక్కకూ మధ్య ఎడం 60 సెకన్లు మించకుంటే చాలంటుంది. నిమిషం నిండే లోపు ఒక్కో బైటు చొప్పున వదిలే దుర్మార్గుడిని అపాచీ బయటికి పంపుతుంది, ఇంజిన్‌ఎక్స్ భరిస్తుంది. భరించగలదు కూడా, ఎందుకంటే దానికి ఒక కనెక్షన్ ఖర్చు చాలా తక్కువ. అపాచీకైతే చదువుతున్నంతసేపూ ఒక థ్రెడ్డో ప్రాసెస్సో చిక్కుకుపోతుంది. సిగ్నల్ సరిగా అందని కాలనీలో ఫోన్ నుంచి దస్తావేజు ఎక్కించే మనిషికి ఇంజిన్‌ఎక్స్ ఓర్పే మేలు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో సర్వ్‌లెట్లు నేర్పేటప్పుడు గెట్-పారామీటర్ అని ఒక్క మాటతో పని ముగుస్తుంది. పేరు అడిగితే పేరొస్తుంది. కింద ఇంత జరుగుతుందని విద్యార్థికి తెలిసే అవకాశమే లేదు. ఉద్యోగంలో చేరాక తెలుగు పేరు విరిగితే ‘తెలుగు సపోర్టు లేదు’ అని ఫీల్డునే ఇంగ్లీషుకు మార్చేస్తారు. నిజానికి అపాచీ గానీ ఇంజిన్‌ఎక్స్ గానీ తెలుగును వద్దనవు. వాటికి అన్నీ బైట్లే. వద్దనేది మధ్యలో మనం రాసే తనిఖీ. ‘అక్షరాలు మాత్రమే’ అని నియమం పెడితే గుణింతపు గుర్తు, పొల్లు, కనబడని ఆ గుర్తు అక్షరాల లెక్కలోకి రావు. హయత్‌నగర్ తిరస్కారానికి గురవుతుంది. సీలో అక్షరమా కాదా అని అడిగే పాత ఫంక్షన్‌కు తెలుగు బైటును నేరుగా ఇస్తే, చాలా యంత్రాల్లో అది రుణసంఖ్యగా మారి ఫలితానికి హామీయే ఉండదు. కనబడని గుర్తును చెత్త అనుకుని మాడ్యూల్‌లోనే తీసేసే వాళ్లూ ఉన్నారు. అది తప్పు. దరఖాస్తుదారు రాసిన రూపం అలాగే లోపలికి పోవాలి. పోల్చుకోవడానికి కావాలంటే గుర్తు లేని ఇంకో ప్రతి పక్కన ఉంచుకోవచ్చు. ఈ విషయంలో రెండు సర్వర్ల నిర్లిప్తతే సరైన మర్యాద.

మిగిలింది జవాబు. నెట్ సెంటర్లలో తరచూ వినబడే మాటే: “అన్నా, సైజు ఎక్కువున్నదంట, జర తగ్గించి తీస్కరా.” ఆ మాట చెప్పగలిగే ఆపరేటరు దొరకడం అదృష్టం. ఇంట్లో ఫోన్ ముందు ఒంటరిగా కూర్చున్నవారికి చాలాసార్లు ఏమీ కనబడదు. అపాచీలోనూ ఇంజిన్‌ఎక్స్‌లోనూ 413కు తెలుగు పేజీ పెట్టుకునే వీలుంది. కానీ బ్రౌజర్లు ఈ లోపాన్ని సరిగా చూపలేవని ఇంజిన్‌ఎక్స్ పత్రాలే ఒప్పుకుంటాయి. బ్రౌజర్ ఇంకా పంపుతూ ఉండగానే సర్వర్ జవాబిచ్చి తలుపు మూస్తే, ఆ జవాబు చదవకముందే కనెక్షన్ తెగిపోతుంది. దీనికోసమే ఇంజిన్‌ఎక్స్ వద్దన్న డేటాను కూడా కాసేపు తీసుకుని పారేస్తూ కూర్చుంటుంది, గరిష్ఠంగా 30 సెకన్లు. 8 ఎంబీ దస్తావేజు ఆ గడువులో పూర్తిగా పోవాలంటే సెకనుకు 270 కేబీకి పైగా వేగం కావాలి. అది లేనిచోట జవాబు మధ్యలోనే పోతుంది. అందుకే సైజు హద్దును ఫైలు ఎంచుకునే బటన్ పక్కనే తెలుగులో రాసి ఉంచాలి, ఎంచుకున్న వెంటనే ఫోన్‌లోనే సైజు చూడాలి. ఆ హద్దు అంకెను పేజీలో చేత్తో రాయకుండా సర్వర్ కాన్ఫిగరేషన్ నుంచే మాడ్యూల్ తెచ్చి పెడితే, రేపు అడ్మిన్ ఒక ఎంబీని అయిదుకు మార్చినా పేజీ పాత అంకె చెప్పదు. అపాచీలో ఆ అంకె అడిగి తెచ్చుకునే ఫంక్షన్ ఇప్పటికే ఉంది. ఇంజిన్‌ఎక్స్‌లో మాడ్యూల్ కోర్ సెట్టింగుల్లోంచి అదే అంకెను చదువుకోవచ్చు.